అప్‌డేట్: ప్రొజెస్టిరాన్ ఇచ్చినా చిట్టెలుక వీర్యకణాల్లో కాల్షియం ఎందుకు పెరగలేదో తెలిసింది

మనిషి వీర్యకణాలకి ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ ఇస్తే సెకన్లలో కాల్షియం పెరుగుతోంది, చిట్టెలుక కణాల్లో మాత్రం ఏ మార్పూ లేదు, కారణమేంటని అడిగాను కదా. సాయం చేసిన అందరికీ థాంక్స్. అమ్మోనియం క్లోరైడ్ వేసి చూడమన్న సలహాతోనే చిక్కు వీడింది: లోపలి పీహెచ్ పెరగగానే చిట్టెలుక కణాల తోకల్లో, కాల్షియం పెరిగితే మెరిసే డై వెలుగు ఒక్కసారిగా ఎగిసింది. అంటే డై బాగానే ఉంది, కాల్షియాన్ని లోపలికి వదిలే క్యాట్‌స్పెర్ ఛానెల్ కూడా తెరుచుకుంటోంది. మా గైడ్‌కి చూపిస్తే, చిట్టెలుకలో ఆ ఛానెల్ ప్రొజెస్టిరాన్‌కి స్పందించదు, ఇది జాతుల మధ్య తేడా అన్నారు.

మనిషిలో ఈ హార్మోన్ క్యాట్‌స్పెర్‌ని తెరుస్తుందని 2011లో తేలింది, ఎలా తెరుస్తుందో 2016లో బయటపడింది. కణం పొర మీది ఏబీహెచ్‌డీ2 ఎంజైమ్‌కి హార్మోన్ అతుక్కుంటే, ఛానెల్‌ని అణిచిపెట్టే 2-ఏజీ అనే కొవ్వు అణువుని ఆ ఎంజైమ్ విరగ్గొడుతుంది. జీన్ల పని దాదాపు ఆగిపోయిన కణంలో ఒక స్టెరాయిడ్ ఇంత వేగంగా పనిచేయడం నాకు నిజంగా అద్భుతంగా అనిపించింది.

హార్మోన్ పాతబడిందేమో, కరిగించిన ఆల్కహాల్ దెబ్బతీసిందేమో అన్న అనుమానాలకి దీంతో సంబంధం లేదు. ఇదే సమస్య వచ్చినవాళ్లు కొత్త హార్మోన్ సీసా తెప్పించే ముందు అమ్మోనియం క్లోరైడ్ కంట్రోల్ పెట్టి చూడండి.