బ్యాటరీ లేకుండా ఎండతోనే నడిచే చేతి గేమ్ సాధ్యమేనా?

ప్రశ్న (సత్యనారాయణపురం, విజయవాడ):
తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి, సైన్స్ ప్రదర్శన కోసం బ్యాటరీ అనేదే లేకుండా సోలార్ ప్యానెల్‌తో నడిచే చేతి గేమ్ తయారు చేస్తానని పట్టుబట్టాడు. గవర్నర్‌పేటలో విడిభాగాలు అమ్మే ఒకరిని అడిగితే, లోపల చిన్న రీఛార్జబుల్ సెల్ పెట్టక తప్పదన్నారు. కాలిక్యులేటర్ నడుస్తున్నప్పుడు, రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ కాసే మన ఊళ్లో గేమ్ ఎందుకు నడవదన్నది వాడి వాదన. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (బ్రాడీపేట, గుంటూరు):
మీ అబ్బాయి వాదన సబబే. జపాన్ బొమ్మల కంపెనీ బాండాయ్ 1982లోనే ఎండతో నడిచే ఎల్‌సీడీ గేములు అమ్మింది. అయితే వాటిలో ముందే అచ్చయిన బొమ్మలు వెలిగి ఆరడమే తప్ప పెద్ద లెక్కలేమీ ఉండవు. అసలు చిక్కు ఎండలో కాదు, నీడలో ఉంది. ఐదు సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న ప్యానెల్ మీద మిట్టమధ్యాహ్నపు ఎండ నేరుగా పడితే సుమారు అర వాటు వస్తుంది. అదే ప్యానెల్‌ను ఇంట్లో ట్యూబ్‌లైటు కింద పెడితే పావు మిల్లీవాటు దక్కడమే గొప్ప, అంటే దాదాపు రెండు వేల రెట్లు తేడా. ఆడుతున్నవాడి బొటనవేలు ప్యానెల్ మీద పడినా కరెంటు పోతుంది, కరెంటు పోతే గేమ్ మొదటికొస్తుంది.

దీనికి 2020లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్, నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఒక పరిష్కారం చూపారు. 1989 నాటి నింటెండో చేతి గేమ్ అయిన గేమ్‌బాయ్‌కి నాలుగు పెన్సిల్ సెల్స్ కావాలి. వీరు ఆ గేములనే ఆడించే యంత్రాన్ని సోలార్ ప్యానెళ్లతోనూ, బటన్ నొక్కినప్పుడు తీగచుట్టలో కదిలే అయస్కాంతం పుట్టించే విద్యుత్తుతోనూ నడిపారు. కరెంటు పోయేలోపు ఆట ఎక్కడుందో కరెంటు పోయినా చెరగని ఫ్రామ్ అనే మెమరీలో భద్రపరచి, తిరిగి రాగానే, ఆటలోని మారియో బొమ్మ గాలిలో ఎగురుతూ ఉన్నా సరే, అక్కడి నుంచే కొనసాగించడం అందులోని కిటుకు. శబ్దం మాత్రం వదులుకున్నారు. నా దృష్టిలో ప్యానెల్ కంటే ఆ మెమరీయే పెద్ద విషయం.

జవాబు (పటమట, విజయవాడ):
పై జవాబుకు ఒక చేర్పు. ప్రాజెక్టులకు వాడే ఆర్డునో ఊనో అనే చిన్న సర్క్యూట్ బోర్డులో ఉండే ఈఈప్రామ్ అనే మెమరీతో సరిపెట్టుకుందామని అనుకోకండి. అందులో ఒక్కో గడికి లక్ష రాతలే హామీ. సెకనుకొకసారి అదే గడిలో రాస్తే 28 గంటలకే ఆ గడువు తీరిపోతుంది. ఫ్రామ్ చిప్పు విడిగా దొరుకుతుంది, దానినే వాడండి. తెరకు వెనుక లైటు వద్దు, పాము ఆట వంటి నిదానమైన ఆట చాలు. ఇంకొక మాట: మన మే నెల ఎండలో నేరుగా పెడితే ఎల్‌సీడీ వేడెక్కి తెరంతా నల్లబడుతుంది కాబట్టి ప్యానెల్‌కు ఎండ, తెరకు నీడ తగిలేలా డబ్బా చేయించండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. నీడ పడినప్పుడు ఆదుకునేందుకు, విద్యుత్తును కాసేపు నిలుపుకునే సూపర్ కెపాసిటర్ పెడితే అది కూడా బ్యాటరీయే కదా అని న్యాయనిర్ణేతలు అభ్యంతరపెడతారేమో?

జవాబు (బ్రాడీపేట, గుంటూరు):
అలా అభ్యంతరపెట్టడానికి వీల్లేదు. బ్యాటరీ రసాయన చర్యతో విద్యుత్తును దాచుకుంటుంది, కెపాసిటర్ పలకల మీద విద్యుదావేశంగా నిలుపుకుంటుంది. ఒక ఫారడ్ సామర్థ్యమున్న కెపాసిటర్‌ను మూడు వోల్టుల నుంచి రెండుకు దించితే రెండున్నర జౌళ్ల శక్తి వస్తుంది. పది మిల్లీవాట్లు తాగే ఆటకు అది నాలుగు నిమిషాలు. ఈ లెక్కను అబ్బాయి చేతనే చార్టు మీద రాయించండి.