‘కద్దు బేకత్’ సినిమా ఎక్కడ దొరుకుతుంది? తెలిసినవాళ్లు చెప్పండి

నమస్కారం అండీ. ఈమధ్య ఆఫ్రికాలోని సెనెగల్ దేశపు దర్శకుడు ఉస్మాన్ సెంబేన్ తీసిన షార్ట్ ఫిల్మ్ ‘బోరోమ్ సరెత్’ (1963) చూశాను. సెనెగల్ రాజధాని డాకర్‌లో గుర్రబ్బండి తోలుకునే మనిషి ఒక్క రోజు కథ. డబ్బున్నవాళ్లు ఉండే ప్లేటో ప్రాంతంలోకి బళ్లు రాకూడదు. కిరాయి కోసం వెళ్తే పోలీసు బండి లాగేసుకుంటాడు. సెనెగల్‌కి స్వాతంత్ర్యం వచ్చింది 1960లో. ఎవరికి వచ్చినట్టు మరి? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు అదే దేశపు దర్శకురాలు సఫీ ఫాయ్ సినిమా ‘కద్దు బేకత్’ (1975) కోసం వెతుకుతున్నాను. వేరుశనగనే నమ్ముకున్న పల్లె, వానల్లేని ఏళ్లు, కట్టాల్సిన పన్నులు. మాది అనంతపురం జిల్లా. మా నాన్న కూడా బతుకంతా వేరుశనగే వేశారు. అందుకే ఇది ఆయనకి, మా ఊరి రైతులకి చూపించాలని గట్టిగా ఉంది.

ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ ఉన్న మంచి కాపీ ఎక్కడ దొరుకుతుంది? పైరసీ లింకులు వద్దండీ. ఊళ్లో ఉచితంగా వేయాలన్నా అనుమతి తీసుకోవాలా, ఎవరిని అడగాలి? తెలుగు సబ్‌టైటిల్స్ నేనే రాసుకుంటాను. సెనెగల్‌లో మాట్లాడే వోలోఫ్ భాష తెలిసినవాళ్లు ఎవరైనా మాటల అర్థాలు సరిచూస్తే ఇంకా మేలు. ఆఫ్రికాలో రైతుల మీద వచ్చిన వేరే డాక్యుమెంటరీలు చూసి ఉంటే అవీ చెప్పండి.