సంక్రాంతి కిడ్స్ కార్నర్: పేపర్ ప్లేట్ల సంగతి ఈ వారమే తేల్చేద్దాం

కిడ్స్ కార్నర్: అందరికీ నమస్కారం. మూడు నుంచి ఏడేళ్ల పిల్లల క్రాఫ్ట్ టేబుల్ మనదే. భోగిపళ్ల దగ్గర తమ వంతు వచ్చేదాకా వాళ్లను కూర్చోబెట్టాలి. ఒక్కోటీ పావుగంటలో అయిపోవాలి, పట్టుకెళ్లేటప్పుడు తడి ఉండకూడదు. న్యూజెర్సీ జనవరిలో తడి జిగురంతా జాకెట్లకే అంటుకుంటుంది. అందుకే గ్లూ స్టిక్, టేపు మాత్రమే. పేపర్ ప్లేట్లు కొని వాటితో గంగిరెద్దు, గొబ్బెమ్మ, ముగ్గు చేయిద్దాం అనుకుంటున్నాను.

ఫుడ్ టీమ్: ప్లేట్లు మళ్లీ కొనడం ఎందుకు వదినా? భోజనాలకు తెచ్చినవి మిగిలేలా ఉన్నాయి.

కిడ్స్ కార్నర్: అవి పనికిరావు తమ్ముడూ. పులుసు పీల్చుకోకుండా వాటికి కోటింగ్ ఉంటుంది. ఆ కోటింగే రంగునూ పట్టనివ్వదు. క్రేయాన్ జారుతుంది, వాటర్ కలర్ బొట్లు బొట్లుగా నిలబడిపోతుంది. కోటింగ్ లేని పల్చటి తెల్లవి, 9 అంగుళాలవి కావాలి. షాపులో అన్నిటికన్నా చవకగా దొరికేవే మనకు మంచివి.

కల్చరల్: గంగిరెద్దు చిన్నపిల్లల వల్ల అవుతుందా అక్కా?

కిడ్స్ కార్నర్: అవుతుంది. ఒక ప్లేటు ముఖం. ఇంకో ప్లేటు అంచు కత్తిరిస్తే వంపు తిరిగిన కొమ్ములు రెడీ, మిగిలిన ముక్కలో చెవులు వస్తాయి. ఈ కత్తిరింపులన్నీ ముందురోజే మనం చేసి పెట్టాలి. పిల్లలు రంగు వేసి, నుదుట పాత రవికె గుడ్డ ముక్కలు, చమ్కీ లేసులు అతికిస్తారు. ఇంట్లో ఉన్నవి తీసుకురండి. ఎలాస్టిక్ తాడు వద్దు, మెడకు చుట్టుకుంటుంది. వెనక ఐస్‌క్రీం పుల్ల టేపుతో అంటిస్తే చేత్తో పట్టుకుంటారు. అతికించే ప్లాస్టిక్ కళ్లు కూడా వద్దు. పక్కన పాకే చెల్లెళ్లు, తమ్ముళ్లు ఉంటారు, నోట్లో పెట్టేసుకుంటారు. కళ్లు స్కెచ్ పెన్‌తో గీస్తే చాలు.

గొబ్బెమ్మ ఇంకా తేలిక. ప్లేటును సగానికి కత్తిరించాలి, ఒక ప్లేటుకు రెండు గొబ్బెమ్మలు. బల్లమీద పరిచి ఉండగానే రంగు వేయించి, ఆ తర్వాత గరాటులా చుట్టి టేపు వేయాలి. చుట్టాక రంగు వేయమంటే నలిపేస్తారు. పైన పసుపు టిష్యూ కాగితంతో గుమ్మడి పువ్వు.

కల్చరల్: పోటీ పెట్టి ప్రైజులిద్దామా?

కిడ్స్ కార్నర్: వద్దమ్మా! ప్రైజు అనగానే అమ్మానాన్నలు పిల్లల చేతిలోది లాక్కుని వాళ్లే చేసేస్తారు.

రిజిస్ట్రేషన్: గ్లిటర్ తేవద్దని హాలు వాళ్లు గట్టిగా చెప్పారు. కార్పెట్ క్లీనింగ్ డిపాజిట్‌లోంచి కోస్తారట.

కిడ్స్ కార్నర్: మన లిస్టులో లేనే లేదు. ఇక ముగ్గు. తెల్ల క్రేయాన్‌తో ముందే ముగ్గు వేసి ఉంచుతాం. పిల్లలు నీళ్లగా కలిపిన రంగు పూస్తే మైనం మీద రంగు నిలవక ముగ్గు తెల్లగా తేలుతుంది. మూడేళ్ల వాళ్లు కూడా అరుస్తారు చూడండి. తడిపని ఇదొక్కటే, అందుకే మొదట ఇదే చేయిద్దాం, మిగతావి అయ్యేలోపు ఆరుతుంది. కానీ యాభై ముగ్గులు వేసేదెవరు?

ఫుడ్ టీమ్: మా అత్తగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. ఇక్కడ వాకిలంతా మంచు కదా, ముగ్గు వేయడానికి లేదని రోజూ అంటున్నారు.

కిడ్స్ కార్నర్: ఆంటీకి శుక్రవారమే ప్లేట్లు, క్రేయాన్లు పంపిస్తాను. అయిదు చుక్కలు, సందు చుక్క మూడు వరకు చాలు, పెద్దవి ప్లేటులో పట్టవు. తెలుపు మీద తెలుపు కనపడదు కాబట్టి చుక్కలు సన్నగా పెన్సిల్‌తో పెట్టుకోమనండి, క్రేయాన్ మాత్రం గట్టిగా నొక్కి వేయాలి.