సెలైన్ బాటిల్‌ని కనిపెట్టుకుని ఉండాల్సింది ఎవరు? సిస్టరా, పేషెంట్ పక్కనున్న మనమా?

గోదావరి గట్టు (చర్చ మొదలుపెట్టినవారు)
వాంతులు, విరేచనాలతో నీరసించిపోయిన నాన్నని మా ఊరికి దగ్గర్లోని ఓ ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. సెలైన్ తగిలించి, "అయిపోయే ముందు పిలవండి" అని చెప్పి సిస్టర్ వెళ్లిపోయింది. రాత్రంతా నేను ఆ బాటిల్ వంకే చూస్తూ కూర్చున్నాను. అయిపోవచ్చినప్పుడల్లా వెళ్లి పిలిచాను. తెల్లారేసరికి నాన్న చెయ్యి మోచేతి దాకా ఉబ్బిపోయింది. అడిగితే "పక్కనే ఉన్నారు కదా, చూసుకోవద్దా?" అని నన్నే అన్నారు. బిల్లులో మాత్రం రోజుకింత అని నర్సింగ్ చార్జీ వేశారు. నేను చేసిన పనికి నేనే డబ్బు కట్టినట్టు కాదా ఇది? చూడాల్సింది సిస్టరే అని నా వాదన. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

బెజవాడ బుల్లోడు
అన్నిచోట్లా ఇంతేనండి. పేషెంట్ పక్కన మనిషి లేకపోతే అసలు చేర్చుకోరు.

పాలమూరు పద్మ
మీరు మేలుకుని ఉండటమే మంచిదైంది. ఒక్క కునుకు తీస్తే ఖాళీ బాటిల్లోంచి గాలి నరంలోకి పోతుంది. ప్రాణానికే ముప్పు. అక్క కాన్పప్పుడు మేం వంతులేసుకుని మరీ చూశాం.

ఇంజినీరు బాబాయ్
పద్మ గారూ, అందరిలోనూ ఉన్న భయం ఇది. దీన్ని వదిలించుకోవాలి. సెలైన్ దిగేది బరువు వల్ల. బాటిల్ ఖాళీ అయ్యాక ట్యూబులో నీటిమట్టం దిగుతూ వస్తుంది. ఆ నీటి ఒత్తిడీ నరంలో రక్తపు ఒత్తిడీ సమానమైన చోట ఆగిపోతుంది. చేతి నరం విషయంలో అది చేతికంటే కొన్ని సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. అక్కణ్నుంచి గాలి కిందికి దిగదు. పైగా రక్తమే కొంచెం ట్యూబులోకి వెనక్కి వస్తుంది. పైనుంచి కిందిదాకా ట్యూబంతా గాలి ఉందనుకున్నా అది పది మిల్లీలీటర్లకు అటూ ఇటూ ఉంటుందంతే. కాబట్టి బాటిల్ అయిపోతే చచ్చిపోతారన్నది తప్పు.

పాలమూరు పద్మ
లెక్కలు మీకు బాగా వచ్చు, ఒప్పుకుంటాను. కానీ మా అక్క ప్రాణం మీద ప్రయోగం చెయ్యలేం కదండీ.

నైట్ డ్యూటీ సిస్టర్
బాబాయ్ గారు చెప్పింది మామూలు డ్రిప్ వరకు చాలామటుకు నిజమే. కానీ సగమే చెప్పారు. ఖాళీ అయి ఆగిపోతే సూదిలో రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. మళ్లీ ఇంకో చోట గుచ్చాలి. వాంతులు, విరేచనాలతో ఒట్టిపోయిన పెద్దవాళ్లకు రెండో నరం దొరకడం ఎంత కష్టమో గుచ్చేవాళ్లకు తెలుసు. రెండోది, ట్యూబులో గాలి ఉండగానే దాన్ని తీసెయ్యకుండా కొత్త బాటిల్ తగిలిస్తే ఆ గాలిని పైనున్న నీళ్లు లోపలికి నెడతాయి. అందుకే బాటిల్ మార్చడం ఇంట్లోవాళ్లు చెయ్యకూడని పని. మూడోది, మెడ దగ్గర పెద్ద నరంలో లైను ఉన్నవాళ్లకు, గుండెలో రంధ్రం ఉన్న పిల్లలకు ఈ లెక్క వర్తించదు. "గాలి పోదు" అని ఇక్కడ చదివి ఎవరూ నిర్లక్ష్యం చెయ్యొద్దు.

గట్టు గారూ, మీ నాన్నగారి చెయ్యి వాచింది గాలి వల్లో, బాటిల్ అయిపోవడం వల్లో కాదు. సూది నరంలోంచి పక్కకి జరిగి, మందు చర్మం కిందికి పోయి ఉంటుంది. మేం "ఐవీ అవుట్ అయింది" అంటాం. అలాంటప్పుడు చుక్కలు పడుతూనే ఉండొచ్చు. బాటిల్ వంక ఎంతసేపు చూసినా అది తెలియదు. చెయ్యి చూడాలి.

గోదావరి గట్టు
చూడాల్సింది చెయ్యి అని నాకెవరు చెప్పారండీ? "అయిపోయే ముందు పిలవండి" అన్నారంతే. నా వాదనే మీరూ ఒప్పుకుంటున్నారు. తెలిసినవాళ్లు చూడాలి, తెలియనివాళ్లకు అప్పగించి వెళ్లకూడదు.

నైట్ డ్యూటీ సిస్టర్
చెప్పి ఉండాల్సింది. అందులో వాదన లేదు.

ఇంజినీరు బాబాయ్
నా పాయింటు పక్కదారి పట్టింది. బాటిల్ నెత్తిన ఇంకో సూది గుచ్చుతారు చూడండి, గాలి లోపలికి పోవడానికి. అది లేకపోతే గట్టి ప్లాస్టిక్ బాటిల్ లోపల ఒత్తిడి పడిపోయి చుక్కలు ఆగిపోతాయి. సాగిపోయే మెత్తని సంచి అయితే అసలు అవసరమే ఉండదు. అంటే గాలి బాటిల్లోకి మనం కావాలనే పంపిస్తున్నాం. మరి ఇంతమందికి గాలి అంటే భయమేంటి?

మత్తు డాక్టర్
బాబాయ్ గారూ, ఆ సూది సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. వార్డు గాలి, దాంతోపాటు దుమ్ము, క్రిములు ఆ సూదిలోంచి నేరుగా మందులోకి పోతాయి. ఫిల్టరు ఉన్న గాలిదారి కలిగిన సెలైన్ ట్యూబు సెట్లు దొరుకుతున్నాయి, సంచులూ దొరుకుతున్నాయి. కొన్ని రూపాయల తేడా కోసం సూది గుచ్చడం మానాలి. గాలిబుడగ గురించి భయపడే జనం ఈ సూది గురించి ఒక్కరూ అడగరు.

అసలు ప్రమాదాల్లో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది చుక్కల వేగాన్ని మార్చే ట్యూబు మీది చక్రం. పెద్దవాళ్లకు వాడే మామూలు సెట్టులో 20 చుక్కలైతే ఒక మిల్లీలీటరు. అర లీటరు బాటిల్ 8 గంటల్లో వెళ్లాలంటే నిమిషానికి 21 చుక్కలు పడాలి. పిల్లల సెట్టులో 60 చుక్కలకు ఒక మిల్లీలీటరు. చెయ్యి మడిస్తే చుక్కలు తగ్గుతాయి, చాపితే పెరుగుతాయి, మంచం ఎత్తు మారినా మారతాయి. అందుకే ఒకసారి లెక్కపెట్టి వదిలేస్తే సరిపోదు, మధ్యమధ్యలో వచ్చి మళ్లీ లెక్కపెట్టాలి. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు బాటిల్ గబగబా ఎక్కేస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. ఇది మనం ఇళ్లకు పిలిపించుకుని "నీరసానికి" ఎక్కించుకునే సెలైన్‌కీ వర్తిస్తుంది.

నైట్ డ్యూటీ సిస్టర్
సార్ చెప్పిన చక్రం గురించే నేనూ చెప్పాలి. విరేచనాలతో పొటాషియం పడిపోయిన ఒకావిడకి బాటిల్లో పొటాషియం కలిపి నెమ్మదిగా పెట్టాం. బాటిల్ మీద చీటీ అంటించి, చక్రం ముట్టుకోవద్దని కూడా చెప్పాను. నేను అవతలి గదిలో ఉండగా వాళ్లబ్బాయి చక్రం పూర్తిగా తిప్పేశాడు. "ఇది అయిపోతే డిశ్చార్జి అన్నారు, ఊరికి ఆఖరి బస్సు పోతుంది" అన్నాడు. ఆ బస్సు తొందరలో తల్లి గుండె ఆగిపోయి ఉండేది. పెద్దవాళ్లకు మామూలు వార్డులో పొటాషియం గంటకు 10 మిల్లీ ఈక్వివలెంట్లకు (పొటాషియాన్ని కొలిచే లెక్క) మించి పోనివ్వం. మన దగ్గర దొరికే 10 మిల్లీలీటర్ల ఆంప్యూల్ (చిన్న మందు సీసా) ఒక్కదాంట్లోనే 20 ఉంటాయి. ఆపి, ఈసీజీ తీయించి, డాక్టర్ని పిలిపించి దగ్గరే కూర్చున్నాను. ఆమె బాగానే ఇంటికెళ్లింది. మెమో మాత్రం నాకొచ్చింది, "పేషెంటును గమనించకపోవడం" అని.

గోదావరి గట్టు
బాధగానే ఉంది. కానీ మళ్లీ తప్పు అటెండర్ (పేషెంట్ పక్కనుండే ఇంటిమనిషి) మీదికే వచ్చింది చూశారా? నేను చక్రం తిప్పలేదు, చెప్పిన పని చేశాను. నేను పిలవడానికి వెళ్లిన ప్రతిసారీ నర్సుల స్టేషన్ దగ్గర ఎవరో ఒకరు కూర్చుని రాసుకోవడమో, ఫోన్ చూసుకోవడమో కనిపించింది. జీతం తీసుకునేది కూర్చోడానికి కాదు కదా!

నైట్ డ్యూటీ సిస్టర్
ఆ రాసుకోవడమే మా ఉద్యోగంలో సగం అండీ. ఏ మందు ఏ టైముకి వెళ్లింది, ఎంత ద్రవం వెళ్లింది, ఎంత మూత్రం వచ్చింది అని రాయకపోతే పొద్దున వచ్చే డాక్టరుకు ఏమీ తెలియదు. ఇప్పుడు మా వార్డులో డాక్టరు ఫోన్‌లో చెప్పిన మోతాదును కూడా ఫోన్‌లోనే సరిచూసుకుంటాం.

మా వార్డులో రాత్రిపూట ఇరవై పైచిలుకు మంచాలు. ఉండేది నేను, ఇంకా కోర్సు పూర్తికాని ఒక అమ్మాయి. యాంటీబయాటిక్ పొడిని కలిపి, నెమ్మదిగా ఇచ్చి, ఇచ్చాక సూదిని సెలైన్‌తో కడిగి, రాసి, తర్వాతి మంచానికి వెళ్లేసరికి ఎంతసేపు పడుతుందో మీరే చూడండి. వాంకోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ గబగబా ఇస్తే ఒళ్లంతా ఎర్రబడి బీపీ పడిపోతుంది, అది గంటకు తగ్గకుండా వెళ్లాలి. మూర్ఛకిచ్చే ఫెనిటోయిన్‌ను గ్లూకోజ్‌లో కలపకూడదు, మామూలు సెలైన్‌లోనే కలపాలి. నెలలోపు పసిపిల్లలకు సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్, కాల్షియం కలిసి వెళ్లకూడదు. ఇవన్నీ నిద్రమత్తులో తప్పకూడదు. మీరు మమ్మల్ని "కూర్చుంటారు" అన్నారు.

బెజవాడ బుల్లోడు
కొంచెం నెమ్మదించండి ఇద్దరూ.

మెల్‌బోర్న్ మాధవి
నేను ఇక్కడ వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. సెలైన్ దాదాపు అంతా పంపు మీదే వెళ్తుంది. అయిపోయినా, గాలి వచ్చినా, దారి మూసుకుపోయినా అరుస్తుంది. చూడమని ఇంట్లోవాళ్లకి చెప్పడం ఉండదు. అయితే చెయ్యి వాచడాన్ని పంపు కూడా చాలాసార్లు పట్టలేదు, అందుకే మేం గంట గంటకీ సూది పెట్టిన చోటు చూస్తాం. అలా చూడటానికి మనుషులు కావాలి. ఆస్ట్రేలియాలోని మా విక్టోరియా రాష్ట్రంలో 2015లో చట్టమే చేశారు. పెద్ద ఆసుపత్రుల మామూలు వార్డుల్లో పగలు నలుగురు రోగులకు ఒక నర్సు, రాత్రి ఎనిమిది మందికి ఒకరు ఉండాలి.

ఇంజినీరు బాబాయ్
మన దగ్గర నియమం లేదా?

మత్తు డాక్టర్
ఉంది. భారత నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు. ఇరవై మంచాలకు ఒకరు అని ఏ కాగితంలోనూ లేదు. జీతాల సంగతీ అంతే. 2016 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం వేసిన కమిటీ, 200 మంచాలు దాటిన ప్రైవేటు ఆసుపత్రులు ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలంది. 50 మంచాల్లోపు ఆసుపత్రులైనా నెలకు 20,000కు తగ్గకూడదంది. మన ఊళ్లలో ఎంతమందికి ఆ జీతం అందుతోందో సిస్టర్‌ని అడగండి.

గోదావరి గట్టు
డాక్టరు గారూ, నర్సుల తక్కువ, జీతాల తక్కువ నాకెందుకండీ? ఇప్పుడు అసలు విషయం చెబుతాను. ఇంతసేపూ చెప్పాలా వద్దా అని ఊరుకున్నా. డిశ్చార్జి రోజు కేస్ షీటు నా చేతిలో పెట్టి సంతకం చెయ్యమన్నారు. అందులో చెయ్యి వాపు గురించి "అటెండర్ నిర్లక్ష్యం వల్ల" అని రాసి ఉంది. రాత్రంతా కన్ను మూయకుండా కూర్చున్న మనిషిని! నాన్న అది చదివారు. ఏమీ అనలేదు, ఫర్వాలేదురా అన్నారంతే. నేను సంతకం చెయ్యలేదు. చెయ్యి వాపు తగ్గిపోయింది, డబ్బులు పోతే పోయాయి. ఆ ఒక్క మాట పోవాలి.

పాలమూరు పద్మ
అయ్యో. ఇది మొదటే చెప్పాల్సింది తమ్ముడూ.

నైట్ డ్యూటీ సిస్టర్
అలా రాయడం తప్పు. ఎవరు రాసినా తప్పే. సూది పక్కకి జరగడం ఎవరి నిర్లక్ష్యం లేకుండా కూడా జరుగుతుంది, పెద్దవాళ్ల నరాలు పెళుసు. కేస్ షీటులో ఏ టైముకి వాపు చూశాం, ఆపేశామా, చెయ్యి ఎత్తి పెట్టామా, డాక్టరుకు చెప్పామా అని రాయాలి. ఎవరిది తప్పో తేల్చే చోటు కాదది.

కానీ అలా ఎందుకు రాస్తారో కూడా వినండి. రాయకపోతే మర్నాడు మెమో, జీతంలో కోత. అటెండర్ మీద రాస్తే ఫైలు మూసేస్తారు. ఇరవై మందికి ఒక్కరే ఎందుకున్నారని మాత్రం యాజమాన్యాన్ని ఎవరూ అడగరు. మీ మీద రాసిన అమ్మాయీ భయపడే రాసి ఉంటుంది.

గోదావరి గట్టు
భయపడితే మా మీద రాస్తారా? మీ యాజమాన్యంతో మీరు పోట్లాడలేక మా నాన్న ముందు నన్ను దోషిని చేస్తారా?

నైట్ డ్యూటీ సిస్టర్
సమర్థించడం లేదండీ. మీరు బిల్లు కట్టింది ఆసుపత్రికి. వాళ్లు ఆ డబ్బుతో పెట్టాల్సిన మనిషిని పెట్టకుండా మిమ్మల్ని ఆ మంచం పక్కన కూర్చోబెట్టారు. అది అడగండి. నాతోపాటు అడగండి.

కోర్టు మెట్లు
న్యాయవాదిని. అందరూ గమనించాల్సింది: 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమాల ప్రకారం పేషెంట్ గానీ ఆయన అధికారం ఇచ్చినవారు గానీ రికార్డులు అడిగితే 72 గంటల్లోగా కాపీలు ఇవ్వాలి. మీ నాన్నగారి పేరుతో రాతపూర్వకంగా అడగండి. తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. ఆ వాక్యం మీద మీ అభ్యంతరం కూడా అదే ఉత్తరంలో రాయండి.

ఇంజినీరు బాబాయ్
ఆ ఉత్తరంలో బాటిల్ నెత్తిన గుచ్చిన సూది గురించి కూడా ఒక వాక్యం రాయండి. నర్సుల్ని కాదు, సామాను కొనేవాళ్లని అడగాలి అది.

గోదావరి గట్టు
సోమవారం వెళ్తున్నాను. సిస్టర్ మీద ఫిర్యాదు చెయ్యను. ఆ రాత్రి వార్డులో ఎంతమంది రోగులు, ఎంతమంది స్టాఫ్ ఉన్నారో రాసివ్వమని అడుగుతాను. చూడాల్సింది సిస్టరేనన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

నైట్ డ్యూటీ సిస్టర్
తీసుకోవద్దు. అడిగేటప్పుడు మందుల చార్టు, ఇన్‌టేక్-అవుట్‌పుట్ చార్టు (ఎంత ద్రవం వెళ్లింది, ఎంత మూత్రం వచ్చింది అన్న లెక్క), నర్సుల నోట్సు అని విడివిడిగా పేరు పెట్టి అడగండి. "రికార్డులు" అని ఊరికే రాస్తే డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే ఇచ్చి పంపేస్తారు.