అప్‌డేట్: రెండు భాషల పిల్లలకు ఆన్‌లైన్ కథలు

ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదివే ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఉచిత ఆన్‌లైన్ సామగ్రి ఏదైనా ఉందా అని ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి లోగడ అడిగాను. మీరు సూచించినవాటిలో పిల్లల పుస్తకాల ప్రచురణ సంస్థ ప్రథమ్ బుక్స్ వారు 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ అనే కథల వెబ్‌సైట్ బాగా అక్కరకు వచ్చింది. ఒకే కథ రెండు భాషల్లోనూ దొరికినప్పుడు అచ్చు తీయించి, తెలుగు పుట పక్కనే ఒడియా పుట ఉంచుతున్నాను. మొదటి స్థాయి కథల్లో వాక్యాలు చిన్నవి కావడంతో, పిల్లలు బొమ్మపై వేలుపెట్టి ముందుగా తెలుగులో కథంతా చెప్పేసి, ఆ తరువాత ఒడియా అక్షరాలను కూడబలుక్కుంటున్నారు. ఓపెన్ లైసెన్సు కనుక, రచయిత, చిత్రకారుల పేర్లు తొలగించకుండా ప్రతులు పంచుకోవచ్చు. ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక దీక్షాలోని వీడియోలు మాత్రం మా సిగ్నల్‌కు ఆగి ఆగి నడుస్తున్నాయి. ముందురోజే యాప్‌లో డౌన్‌లోడ్ చేసుకోవడం మేలు. లెక్కలకు తగినది ఇంకా వెతుకుతున్నాను.