లోక్ అదాలత్‌లో రాజీ పడాలా, ట్రిబ్యునల్‌లో వాదించాలా? ప్రమాద బాధితుల పరిహారంపై చర్చ

నరసన్నపేట సభ్యుడు (చర్చ ప్రారంభించినవారు):

మా బావగారు తాపీ మేస్త్రి, వయసు 34 ఏళ్లు. పనికి బండి మీద వెళుతుండగా జాతీయ రహదారిపై వెనుక నుంచి వచ్చిన లారీ గుద్దడంతో కుడి మోకాలు నుజ్జయింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు గాని మోకాలు పూర్తిగా వంగడం లేదు. ఆయన గొంతుక్కూర్చొని ఇటుక పేర్చలేరు, పరంజా ఎక్కలేరు. సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 30 శాతమని వచ్చింది. పోలీసులు లారీ డ్రైవరు మీదే ఛార్జిషీటు వేశారు. శ్రీకాకుళంలోని మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో గడువులోగానే ఓ.పి. (పరిహారం కోరే దరఖాస్తు) దాఖలు చేశాము.

రాబోయే లోక్ అదాలత్‌లో ఏడున్నర లక్షలకు రాజీ పడితే వెంటనే చెల్లిస్తామని ఇన్సూరెన్స్ కంపెనీ వారు ఇప్పుడు అంటున్నారు. నెలకు 12,000 ఆదాయం, 30 శాతం వైకల్యం, వయసును బట్టి 16 గుణకం (ఏడాది నష్టాన్ని హెచ్చించే అంకె) వేస్తే 6,91,200 అవుతుందని, మిగిలిన 58,800 వైద్యానికీ బాధకూ కలిపి ఇస్తున్నామని వారి లెక్క. హెల్మెట్ పెట్టుకోలేదు గనుక తప్పులో కొంత మాదేనని కూడా అంటున్నారు. ఊరి పెద్దలు తీసుకోమంటున్నారు, అక్క వద్దంటోంది. మీ అభిప్రాయాలు చెప్పగలరు.

విజయనగరం సభ్యుడు (ఇన్సూరెన్స్ రంగంలో విశ్రాంత ఉద్యోగి):

నేను కంపెనీ తరఫున ఎన్నో ఫైళ్లు చూసినవాడిని, అయినా ఈ మాట బాధితుల మేలు కోరే చెబుతున్నాను. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు. అంటే కంపెనీ హైకోర్టుకు వెళ్లి మిమ్మల్ని ఏళ్లతరబడి తిప్పే దారి మూసుకుపోతుంది. ట్రిబ్యునల్ తీర్పులో దరఖాస్తు తేదీ నుంచి వడ్డీ కలుపుతారన్న మాట నిజమే, కాని అది సాధారణంగా ఏడాదికి ఆరు నుంచి తొమ్మిది శాతం మధ్యనే ఉంటుంది. మందులకూ ఇల్లు గడవడానికీ ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చిన కుటుంబానికి ఏడాదికి 24 శాతం పెరిగిపోతుంది. ఈ రెండు వడ్డీల మధ్య తేడాను ఎవరు భరిస్తారో వాదించమని సలహా ఇచ్చేవారు ఆలోచించాలి.

ఇక మేస్త్రికి జీతం చీటీ ఉండదు, ఆదాయపు పన్ను రిటర్ను ఉండదు. నెలకు 15,000 వచ్చేదని మీరంటే కంపెనీ న్యాయవాది కాగితం చూపమంటాడు. చేతికి వచ్చే మొత్తాన్ని కాదని, రుజువు చేయలేని మొత్తం వెంట పడటం పేద కుటుంబాలకు క్షేమం కాదు.

శ్రీకాకుళం సభ్యుడు (న్యాయవాది):

విజయనగరం పెద్దవారి మాటలో ఆలస్యం గురించి చెప్పినదంతా నిజం. అయితే అప్పీలు లేదన్న నియమం కంపెనీకి ఎంత వర్తిస్తుందో మీకూ అంతే వర్తిస్తుంది. రేపు మోకాలు పూర్తిగా పట్టేసినా, ప్లేటు తీయించడానికి మళ్లీ ఆపరేషన్ అవసరమైనా, ఆ రాజీని తెరవలేరు. అందుచేత సంతకానికి ముందే పరిహారంలో ఏయే పద్దులు ఉంటాయో, వాటిలో వేటిని వదిలేశారో చూడాలి.

గాయపడిన వ్యక్తికి రావలసిన పద్దులను 2010లో రాజ్ కుమార్ వర్సెస్ అజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు వివరంగా చెప్పింది. వైద్యం, మందులు, రాకపోకలు, పౌష్టికాహారం, చికిత్స కాలంలో పోయిన సంపాదన, శాశ్వత వైకల్యం వల్ల ఇకపై పోయే సంపాదన, భవిష్యత్తు వైద్యం, ఇవన్నీ డబ్బుతో కొలవగలిగినవి. నొప్పి, మానసిక వేదన, జీవితంలో అనుభవించగలిగిన సౌఖ్యాల నష్టం, ఆయుర్దాయం తగ్గడం. ఇవి కొలతకు లొంగకపోయినా చట్టం గుర్తించినవి. చిన్న గాయాలకు ఇవన్నీ రావు, శాశ్వత వైకల్యం మిగిలిన మీ కేసులో చాలావరకు వర్తిస్తాయి.

ఆ తీర్పులో అన్నిటికంటే ముఖ్యమైన మాట వేరే ఉంది. శరీరానికి కలిగిన వైకల్య శాతం, సంపాదన శక్తిలో కలిగిన నష్ట శాతం ఒకటి కావు. ఎడమ చెయ్యి పోయిన డ్రైవరు గాని వడ్రంగి గాని నూటికి నూరుపాళ్లు జీవనాధారం కోల్పోవచ్చుననీ, అదే గాయంతో ప్రభుత్వ గుమాస్తా ఉద్యోగం పోకపోవచ్చుననీ కోర్టే ఉదాహరణగా చెప్పింది. పరంజా ఎక్కలేని మేస్త్రికి 30 శాతం అన్నది సర్టిఫికెట్ మీది అంకె మాత్రమే, ఆయన బతుకులో ఎంత పోయిందన్నది ట్రిబ్యునల్ విడిగా తేల్చాలి.

కంపెనీ లెక్కను దాని అంకెలతోనే తిరగేసి చూడండి. 40 ఏళ్ల లోపు స్వయం ఉపాధివారి ఆదాయానికి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేథీ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. గాయాల కేసులకూ అది వర్తిస్తుందని 2020లో పప్పు దేవ్ యాదవ్ కేసులో స్పష్టం చేశారు. 12,000కు 40 శాతం కలిపితే 16,800, ఏడాదికి 2,01,600, దానికి 16 గుణకం, అందులో 30 శాతం లెక్క కడితే 9,67,680 వస్తుంది. ఆదాయంలోను, వైకల్యంలోను కంపెనీ చెప్పిందే ఒప్పుకున్నా ఈ ఒక్క పద్దే వారు మొత్తం మీద ఇస్తామన్నదాన్ని దాటుతోంది. ఆదాయం 15,000 అనీ, సంపాదన నష్టం 60 శాతమనీ నిరూపించగలిగితే 24,19,200 అవుతుంది.

హెల్మెట్ వాదన మోకాలి గాయానికి పనికిరాదు. హెల్మెట్ ఉన్నా ఆ మోకాలు విరిగేదే.

పలాస సభ్యురాలు:

పెద్దలందరూ ఆయన సంపాదన గురించే మాట్లాడుతున్నారు గనుక నేను మీ అక్కగారి తరఫున ఒక మాట చెబుతాను. మావారికి ప్రమాదం జరిగి మంచాన ఉన్నప్పుడు నేను జీడిపిక్కల పని పూర్తిగా మానేశాను. ఆయనను లేపడం, స్నానం చేయించడం, ఆసుపత్రికి ఆటో మాట్లాడి తీసుకెళ్లడం అంతా నేనే చేశాను, ఆ నెలల్లో నా కూలి ఒక్క రూపాయి రాలేదు. ఓ.పి.లో ఆ సంగతే రాయలేదని మా తరఫు వాదనలప్పుడే తెలిసింది. తర్వాత న్యాయవాదిగారు సహాయకుల ఖర్చు అనే పద్దు చేర్పించారు, ట్రిబ్యునల్ దానిని ఒప్పుకుంది. ఇంట్లోవాళ్లే చూసుకున్నారు కదా, డబ్బు ఎందుకని కంపెనీవారు అడిగారు. మనిషిని పెట్టుకుంటే జీతం ఇవ్వాలి కదా అని జడ్జిగారు వారినే అడిగారు.

ఇంకొక విషయం. మాకు వచ్చిన మొత్తంలో ఎక్కువ భాగం బ్యాంకులో డిపాజిట్ చేయించారు. పిల్లల కోసం అది మంచిదే, కాని అప్పులవాళ్లు ఆగరు. డబ్బు ఎంత వెంటనే చేతికి కావాలో ముందే ట్రిబ్యునల్‌కు రాసి ఇవ్వమని మీ అక్కగారికి చెప్పండి.

శ్రీకాకుళం సభ్యుడు:

అమ్మా, మీరు చెప్పినది చాలామంది న్యాయవాదులు కూడా వదిలేస్తున్న పద్దు. 2020 నాటి కాజల్ కేసులో జీవితాంతం సాయం కావలసిన ఒక బాలిక కోసం ఇద్దరు సహాయకుల నెల జీతాన్ని గుణకంతో లెక్కించి సుప్రీంకోర్టు మంజూరు చేసింది. మేస్త్రిగారి విషయంలో అది కొన్ని నెలలకే పరిమితం అవుతుంది, అయినా వదులుకోవలసినది కాదు.

రాజాం సభ్యుడు:

మా వైపు యువకులు ఎక్కువగా చెన్నై, హైదరాబాద్ పనులకు వెళతారు. అక్కడ ప్రమాదం జరిగితే కేసు అక్కడే వేయాలనుకుని చాలా కుటుంబాలు మానేస్తున్నాయి. పరిశ్రమలో పని చేస్తూ గాయపడినవారికి ఏ దారి ఉందో కూడా చెప్పగలరా?

శ్రీకాకుళం సభ్యుడు:

మోటారు ప్రమాదమైతే బాధితుడు నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనే వేయవచ్చునని మోటారు వాహనాల చట్టం 166వ సెక్షను చెబుతోంది. చెన్నైలో జరిగినా శ్రీకాకుళంలో నడుస్తుంది. పనిలో గాయపడితే 2025 నవంబరు వరకు 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం ఉండేది, ఇప్పుడు దాని స్థానంలో 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. అక్కడ యజమాని నిర్లక్ష్యాన్ని నిరూపించనక్కరలేదు, కాని నొప్పికీ బాధకూ విడిగా ఏమీ రాదు, పాత చట్టం కింద లెక్కలోకి తీసుకునే జీతానికి నెలకు 15,000 పరిమితి ఉండేది. ఈఎస్ఐ (కార్మిక రాజ్య బీమా) ఉన్నవారికి ఆ పరిహారం కాక ఈఎస్ఐ ప్రయోజనాలే వర్తిస్తాయి. డబ్బు తీసుకుని వైద్యం చేసిన ఆసుపత్రి నిర్లక్ష్యమైతే రెండేళ్ల లోపు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. ఇక ప్రభుత్వం ప్రకటించే ఎక్స్‌గ్రేషియాను (హక్కుగా కాక సాయంగా ఇచ్చే సొమ్మును) పరిహారంగా పొరబడేవారు ఎక్కువ. 2023 అక్టోబరు 29న కంటకాపల్లి దగ్గర రైళ్లు ఢీకొన్నప్పుడు ప్రకటించిన సాయం వేరు, రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో హక్కుగా అడిగే పరిహారం వేరు.

విజయనగరం సభ్యుడు:

40 శాతం కలపకపోవడం తప్పే, దాన్ని నేను సమర్థించను. అయినా 60 శాతం నష్టం అన్నది నోటిమాటతో రాదు. చికిత్స చేసిన డాక్టరు కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పాలి, ఆయన బదిలీ అయి ఉంటే వాయిదాలు పడతాయి. అందుకని లోక్ అదాలత్‌కు వెళ్లకుండా ఉండమని నేను చెప్పను. ఈ 9,67,680 లెక్కను కాగితం మీద రాసుకుని వెళ్లండి, వైద్య ఖర్చులు, సహాయకుల ఖర్చు, బాధకు మొత్తం విడివిడిగా అడగండి. కంపెనీ అధికారులకు అక్కడ మొత్తం పెంచే వెసులుబాటు ఉంటుంది. కుదరకపోతే కేసు తిరిగి ట్రిబ్యునల్‌కే వస్తుంది, మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు.

శ్రీకాకుళం సభ్యుడు:

ఇది నేను ఒప్పుకుంటాను, అయితే ఆదాయం విషయంలో అంత వెనక్కి తగ్గనక్కరలేదు. 2004లో ప్రమాదానికి గురైన ఒక కూలీకి కాగితాలు ఏమీ లేకున్నా నెలకు 4,500 వచ్చేదన్న మాటను సుప్రీంకోర్టు రామచంద్రప్ప కేసులో అంగీకరించింది. మేస్త్రిగారితో పని చేయించుకున్న ఇద్దరు ఇంటి యజమానుల సాక్ష్యం ఉంటే నేటి రోజు కూలి ఏమిటో ఏ జడ్జికైనా తెలుస్తుంది. ఖర్చుకు భయపడితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి, వైకల్యం ఉన్నవారికి ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు.

నరసన్నపేట సభ్యుడు:

అందరికీ కృతజ్ఞతలు. అక్క, బావ కలిసి ఆలోచించి ఏడున్నర లక్షలకు సంతకం చేయకూడదని నిర్ణయించుకున్నారు. లోక్ అదాలత్‌కు వెళతాము; విడివిడి పద్దుల కాగితం తీసుకెళతాము, మందుల బిల్లులు తేదీల వారీగా అంటిస్తున్నాము. ఒక్క సందేహం మిగిలింది: ప్లేటు తీయించే ఆపరేషన్ ఇంకా జరగలేదు, దానికి బిల్లు లేదు. ఏమి చూపాలి?

శ్రీకాకుళం సభ్యుడు:

ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరే ఎప్పుడు అవసరమో, సుమారు ఎంత ఖర్చవుతుందో లెటర్‌హెడ్ మీద రాయించి సంతకం, ముద్ర వేయించుకోండి. ఆ కాగితం నకలు కంపెనీ న్యాయవాదికి లోక్ అదాలత్ తేదీకి ముందే అందించి, అసలును మీ దగ్గరే ఉంచుకోండి.