జర్మనీ: మనవాళ్ళతో ఫ్లాటా, జర్మన్లతో వేగేనా?

ఆఖెన్_అక్టోబర్
అక్టోబర్‌లో ఆఖెన్‌లో మాస్టర్స్ మొదలు. స్టూడెంట్ హాస్టల్ వెయిటింగ్ లిస్టు కదిలేలా లేదు. రెండు దార్లున్నాయి: నలుగురు తెలుగువాళ్ళం కలిసి ఫ్లాట్ తీసుకోవడం, లేదా జర్మన్ స్టూడెంట్స్ పంచుకునే ఇంట్లో, అదే వేగేలో, ఒక గది. బ్లాక్డ్ అకౌంట్ (వీసా కోసం ముందే డబ్బు వేసి, నెలనెలా కొంతే తీసుకోనిచ్చే ఖాతా) నుంచి నెలకు వచ్చేది 992 యూరోలు. మనవాళ్ళతో ఉంటే భాష రాదని కొందరు, వేగేలో పోపు కూడా పెట్టుకోనివ్వరని కొందరు. ఏది నిజం?

గోదారోడు
వేగేనే తమ్ముడూ, రెండో మాట లేదు. మనవాళ్ళ ఫ్లాట్‌లో ఉంటే రెండేళ్ళయినా బేకరీలో వేలు చూపించి బ్రెడ్డు కొనుక్కోవడమే. ఇక్కడ దారిలో కనబడి "ఇంటికి రండి" అనే రకం తక్కువ. కలవాలంటే పది రోజుల ముందే తేదీ, టైము రాసుకుంటారు. ఒకే వంటిల్లయితే ఆ బాధ లేదు, టీ పెట్టుకుంటూనే నాలుగు మాటలు దొర్లుతాయి.

పప్పుచారు
దొర్లుతాయి, ఇంగ్లిష్‌లో! నలుగురిలో ఒక్కరికి జర్మన్ రాదంటే మర్యాద కొద్దీ మిగతా ముగ్గురూ ఇంగ్లిష్‌కి మారిపోతారు. పైగా అన్ని వేగేలూ కలివిడిగా ఉండవు. ప్రకటనలో "త్స్‌వెక్ వేగే" అని ఉంటే అద్దె కలిసొస్తుందని చేరిన ఇల్లన్నమాట, ఎవరి గది వాళ్ళది, తలుపులు మూసే ఉంటాయి. "కైనె త్స్‌వెక్ వేగే" అంటే అలాంటిది కాదని. ఆ "కైనె" ఉందో లేదో చూడకుండా అద్దె ఒక్కటే చూసి దిగి, తర్వాత "ఎవరూ పలకరించరు" అంటే ఎలా?

ఓరుగల్లు_అక్క
మీరిద్దరు భాష కాడనే ఆగిన్రు. అసలు లొల్లి కాగితాల కాడ ఉంటది.

నలుగురు కలిసి తీసుకునేటట్టయితే అగ్రిమెంట్ల ఎవరి పేరున్నదో చూడు. నలుగురి పేర్లుంటె మొత్తం కిరాయికి నలుగురూ పూచీ. ఒకడు కట్టకుంటె ఓనర్ మిగిలినోళ్ళల్ల ఎవర్నైనా పట్టుకోవచ్చు. మధ్యల ఒకడు పోతా అంటే ఆ ఒక్కడే నోటీసిచ్చి బయటపడనీకి రాదు. ఒక్కడి పేరు మీదనే ఉంటె వాడు అసలు కిరాయిదారు, మిగిలినోళ్ళను పెట్టుకోనీకి ఓనర్ ఒప్పుకోవాలె. చెప్పకుండ పెట్టుకుంటె ఖాళీ చెయ్యమనే దాక పోతది.

దిగిన రెండు వారాల్ల ఆన్‌మెల్డుంగ్, అంటే అడ్రస్ నమోదు, చేపియ్యాలె. ఇల్లిచ్చినోళ్ళ సంతకమున్న కాగితం లేకుంటె అది కాదు. అది కాకుంటె రెసిడెన్స్ పర్మిట్ ఆడనే ఆగుతది. "ఆన్‌మెల్డుంగ్ కుదరదు" అని రాసిన గది ఎంత సస్తా ఉన్నా ఒద్దు. అడ్వాన్స్ మూడు నెల్ల కాల్ట్‌మీటె (హీటింగ్, నీళ్ళ ఖర్చులు కలపని కిరాయి) కంటె ఎక్కువ అడగనీకి చట్టం ఒప్పుకోదు. ముందు పైసలు పంపు, తాళంచెవి పోస్ట్‌ల పంపుతా అన్నోడు దొంగ.

ఇంకొకటి. రేడియో-టీవీ రుసుము ఇంటికి ఒక్కటే, నెలకు 18.36 యూరోలు. నలుగురుంటె తలా 4.59. ఉత్తరాలు మాత్రం ఎవరిది వాళ్ళకొస్తయి. ఒకరు కడుతుంటె, వాళ్ళ రుసుము ఖాతా నంబరేసి మిగిలిన ముగ్గురు జవాబియ్యాలె. చెత్తల పారేస్తే బకాయి పెరుగుతది.

గోదారోడు
కాగితాల సంగతి ఒప్పుకున్నా అక్కా. అందుకే వేగే అంటున్నా. అక్కడ ఇవన్నీ ముందే తేల్చుకుని ఉంటారు, ఫ్రిజ్‌లో ఏ అర ఎవరిదో, ఏ వారం బాత్‌రూమ్ ఎవరు కడగాలో సహా. మన ఫ్లాట్‌లో "నువ్వే కడుగు, నిన్న నేనే కదా" అనుకోవడంతోనే సెమిస్టర్ అయిపోతుంది.

పప్పుచారు
పోపు సంగతి ఎవరూ చెప్పట్లేదు. పెట్టుకోవచ్చు, ఎలా పెట్టాలన్నదే విషయం. పొయ్యి మీదుండే చిమ్నీ చాలా అద్దె ఇళ్ళలో గాలిని బయటికి పంపదు. ఫిల్టర్ గుండా లాగి మళ్ళీ గదిలోకే వదులుతుంది. ఎండుమిర్చి ఘాటు దానికి లొంగదు. వంటింటి తలుపు మూసి, కిటికీ బార్లా తెరిచి, అప్పుడు బాండలి పెట్టండి. కిటికీని పైనుంచి కొంచెం వాల్చి గంటలు గంటలు వదిలేస్తే ఘాటు పోదు, గోడ చల్లబడి, ఆవిరి అక్కడ చేరి బూజు పడుతుంది. పూర్తిగా తెరిస్తే అయిదు పది నిమిషాలు చాలు.

హాస్టల్‌లో ఇంకో చిక్కుంది. పొగ ఎక్కువైందని కారిడార్ వైపు తలుపు తీస్తారు, పొగ వెళ్ళి అక్కడి అలారంకి తగులుతుంది. అది నేరుగా ఫైర్ స్టేషన్‌కి కలిపి ఉంటే బండి వచ్చేస్తుంది, ఖర్చు మీ నెత్తిన పడొచ్చు. తీయాల్సింది కిటికీ, తలుపు కాదు.

ఆదివారం మిక్సీ వేయకండి. రాత్రి పదినుంచి ఆరుదాకా ఎలాగూ నిశ్శబ్దం, ఆదివారమైతే రోజంతా. ఇడ్లీ పిండి శనివారమే రుబ్బేసుకోవాలి. ఆదివారం కొట్లు కూడా ఉండవు, మినప్పప్పు అయిపోతే అంతే సంగతులు.

ఆవకాయ_బ్రెడ్డు
ఇల్లు ఏదైనా స్నేహాలు వారంవారం ఒకే మొహాలు కనబడే చోట కుదురుతాయి. యూనివర్సిటీ స్పోర్ట్స్ కోర్సులు చూడండి. ఫీజు తక్కువ, కానీ రిజిస్ట్రేషన్ తెరిచిన నిమిషాల్లో బ్యాడ్మింటన్ నిండిపోతుంది, ఫోన్‌లో టైమ్ పెట్టుకుని కూర్చోవాలి. క్రికెట్‌లో చేరితే మళ్ళీ మనవాళ్ళే, భాష కోసమైతే వాలీబాల్ మేలు.

ఎవరిదైనా పుట్టినరోజైతే ముందురోజే శుభాకాంక్షలు చెప్పేయకండి, అరిష్టమంటారు. కేకు పుట్టినరోజు వాళ్ళే తెస్తారు. గ్రిల్‌కి పిలిస్తే ఎవరి తిండి వాళ్ళు పట్టుకెళ్ళడమే మామూలు. శాకాహారులు అల్యూమినియం ట్రే తీసుకెళ్ళి పనీర్, మొక్కజొన్న అందులో కాల్చుకుంటే మాంసం పడ్డ ఊచలకు తగలదు.

రెస్టారెంట్‌లో ఎవరి బిల్లు వాళ్ళదే, "గెట్రెంట్" అంటే చాలు. బిల్లు 18.60 వచ్చింది, 20 నోటు ఇస్తూ అలవాటుగా "డాంకె" (థాంక్స్) అన్నారనుకోండి, చిల్లర ఉంచుకోమన్నట్టే! చిల్లర కావాలంటే "19" అని అంకె చెప్పి నోటివ్వండి, థాంక్స్ చిల్లర చేతికొచ్చాక.

ఆఖెన్_అక్టోబర్
ఇండియా నుంచే వేగే ప్రకటనలకు రాస్తే జవాబిస్తారా?

పప్పుచారు
ఒకే మెసేజ్‌ని యాభై మందికి కాపీ కొడితే ఇవ్వరు. ప్రకటన ఆఖరిదాకా చదవండి, కొందరు మధ్యలో "మెసేజ్ మొదట పైనాపిల్ అని రాయండి" లాంటి మెలిక పెడతారు, చదివినవాళ్ళెవరో తెలియడానికి. జర్మన్‌లో ఎనిమిది పది లైన్లు చాలు: ఏం చదువుతున్నారు, ఏం వండుతారు, ఎప్పటినుంచి. "త్స్విషెన్‌మీటె" అని కూడా వెతకండి. ఇంటర్న్‌షిప్‌కి వేరే ఊరు వెళ్ళేవాళ్ళు కొన్ని నెలలకు సామానుతో సహా గది ఇస్తారు. అందులో దిగి, పర్మనెంట్ గది అక్కడికెళ్ళి కళ్ళతో చూసి తీసుకోవచ్చు.

ఆఖెన్_అక్టోబర్
నలుగురి ఫ్లాట్ అగ్రిమెంట్ ఇప్పుడే తెప్పించి చూశా. ఒక్కరి పేరే ఉంది. ఓనర్‌కి తెలుసు, పర్లేదన్నాడట.

ఓరుగల్లు_అక్క
నోటిమాట నడవది తమ్మీ. రాతల తీస్కో, నీ పేరుతోని. అయినంక అడ్వాన్స్ పంపు.